ఒక ప్రోగ్రామ్ ఆగుతుందో లేదో మరొక ప్రోగ్రామ్ తేల్చగలదా?

అనంతలూప్:
మా దగ్గర రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్ ఒకటి పోయిన నెలలో తెల్లవారినా ముగియలేదు. తప్పు ఒక వైల్ లూప్‌లో (షరతు నిజమైనంత సేపు మళ్లీ మళ్లీ నడిచే కోడ్‌లో) ఉందని కోడ్ చూసిన ఐదు నిమిషాల్లో పట్టుకున్నాను. కోడ్‌ను నడపకుండానే చదివి, ఆగుతుందో ఆగదో చెప్పే సాధనం రాద్దామంటే, అది అసాధ్యమని 1936లోనే గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ నిరూపించారని సహోద్యోగి అన్నారు. నేను చేసిన పనిని ప్రోగ్రామ్ ఎందుకు చేయలేదు?

గణితోపాధ్యాయిని:
మీరు చూసినది ఒక్క లూప్‌నండీ; ట్యూరింగ్ కాదన్నది ఏ ప్రోగ్రామ్‌నిచ్చినా తప్పక సరైన జవాబు చెప్పే సాధనాన్ని. అటువంటిది ఉందనుకోండి. ఏ ప్రోగ్రామ్ పాఠాన్ని, అంటే దాని కోడ్‌ను, ఇచ్చినా ఆ పాఠాన్నే దానికి ఇన్‌పుట్‌గా ఇస్తే అది ఆగుతుందా అని మీ సాధనాన్ని అడిగి, ఆగుతుందంటే తాను ఆగకుండా తిరుగుతూ, ఆగదంటే వెంటనే ఆగిపోయే ప్రోగ్రామ్‌ను నేను రాస్తాను. దానికి దాని పాఠాన్నే ఇస్తే మీ సాధనం ఏమి చెప్పినా తప్పే అవుతుంది. ఇక మనిషి సంగతంటారా, రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయలేని, 2 కంటే పెద్దదైన సరి సంఖ్య దొరికితే ఆగే ప్రోగ్రామ్ పది పదిహేను పంక్తులకు మించదు. 1742 నాటి గోల్డ్‌బాక్ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు కనుక అది ఆగుతుందో లేదో మనలో ఎవరికీ తెలియదు.

పరిమితస్మృతి:
నిజమైన కంప్యూటర్‌కు మెమరీ పరిమితం కదా? బయటి ఇన్‌పుట్ లేనప్పుడు మెమరీ మొత్తానికి ఒకే స్థితి రెండోసారి వస్తే ఆగదని తేలిపోతుంది.

గణితోపాధ్యాయిని:
సూత్రరీత్యా నిజమే. అయితే ఒక్క కిలోబైట్ మెమరీకే 2 ఘాతం 8192 స్థితులుంటాయి. అది 2,467 అంకెల సంఖ్య.

కెర్నల్‌పని:
నేను లినక్స్‌లో ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్‌లు, అంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు, రాస్తాను. వాటిని ముందుగా తనిఖీ చేసే వెరిఫయర్ ప్రతి ప్రోగ్రామ్ గురించీ తీర్పు చెప్పాలని చూడదు. ముగుస్తుందని తనకు నమ్మకం కుదిరితేనే కెర్నల్‌లోకి రానిస్తుంది, లేకపోతే తిప్పి పంపుతుంది. 2019లో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.3 వెర్షన్ వరకు లూప్‌లనే ఒప్పుకునేది కాదు. తప్పకుండా ఆగే నా కోడ్‌ను కూడా అది ఎన్నోసార్లు తిరస్కరించింది, ప్రతిసారీ లూప్‌కు స్థిరమైన గరిష్ఠ పరిమితి పెట్టి తిరిగి రాసుకున్నాను. ఆ శ్రమ నాకు న్యాయంగానే తోచింది, ఎందుకంటే కెర్నల్‌లో ఆగని లూప్ యంత్రం మొత్తాన్ని స్తంభింపజేయగలదు. మీ సాధనం కూడా "ఆగుతుంది", "ఆగదు"తో పాటు "తెలియదు" అని చెప్పగలిగితే ఏ సిద్ధాంతమూ దానికి అడ్డురాదు.

గణితోపాధ్యాయిని:
దారి చూపినదీ ట్యూరింగే. లూప్ తిరిగిన ప్రతిసారీ తగ్గుతూ, సున్నా దిగువకు పోలేని పూర్ణాంకాన్ని ఒకదాన్ని చూపిస్తే ఆ లూప్ ముగిసి తీరుతుంది. ఇటువంటి తగ్గే పరిమాణంతోనే 1949లో ఆయన ఒక ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ ముగుస్తుందని చూపారు.

అనంతలూప్:
ఇప్పుడు మా కోడ్ మళ్లీ చూశాను. మిగిలిన రికార్డుల సంఖ్య ప్రతిసారీ తగ్గాలి. విఫలమైన రికార్డును తిరిగి వరుసలో చేర్చే చోట మాత్రం అది తగ్గడం లేదు. తగ్గే పరిమాణం దొరకని లూప్‌లన్నిటికీ "తెలియదు" అని గుర్తు పెట్టడంతో మొదలుపెడతాను.