నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌: ముక్క చాలనప్పుడు రక్తంతో చేసే జన్యు పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (ముమ్మిడివరం నుంచి ఒక కుమార్తె)

మా అమ్మగారికి 61 ఏళ్లు. ఏనాడూ పొగ తాగినవారు కారు. దగ్గు ఎంతకీ తగ్గకపోవడంతో కాకినాడలో స్కాన్‌ తీయించగా కుడి ఊపిరితిత్తిలో గడ్డ, దాని చుట్టూ నీరు, కాలేయంలో మచ్చలు కనిపించాయి. నీరు తీశారు, సూదితో గడ్డ నుంచి ముక్క కూడా తీశారు. ఎడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం), నాలుగో దశ అని తేలింది. అయితే జన్యు పరీక్ష చేయడానికి ముక్క మిగలలేదని, రక్తం తీసి పంపితే డెబ్బైకి పైగా జన్యువులు చూస్తారని డాక్టరుగారు చెప్పారు. ఖర్చు లక్షకు దగ్గరగా అవుతుందట. వచ్చే సోమవారం నుంచి కీమో మొదలుపెడతామంటున్నారు. రక్తంలో కనిపించిన మార్పు గడ్డలోనిదేనని ఎలా చెబుతారు? ఏమీ లేదని వస్తే దానిని నమ్మవచ్చా? కీమో ఒకటి రెండు విడతలు అయ్యాక, డబ్బు సర్దుబాటు చేసుకుని అప్పుడు రక్తం ఇస్తే సరిపోతుందా?

జవాబు (క్యాన్సర్‌ వైద్యుడు, రాజమహేంద్రవరం)

రక్తం సంగతికి వచ్చే ముందు ఒక మాట. ఊపిరితిత్తి చుట్టూ నీరు తీశారని రాశారు. ఆ నీటిలో క్యాన్సర్‌ కణాలుంటే వాటిని ఒకచోట చేర్చి మైనంలో బిగించి సెల్‌ బ్లాక్‌ తయారుచేస్తారు. సూదితో తీసిన ముక్క అయిపోయినా, కణాలు తగినన్ని ఉంటే ఆ బ్లాక్‌ మీద ఈజీఎఫ్‌ఆర్‌, ఏఎల్‌కే వంటి జన్యువులలో క్యాన్సర్‌ను పెంచే మార్పులు ఉన్నాయేమో చూసే పరీక్షలు చేయవచ్చు. రేపు ఉదయమే పాథాలజీ విభాగాన్ని ఈ విషయం అడగండి. ఎవరికీ గుర్తు రాక ఆ బ్లాక్‌ అలమారులోనే ఉండిపోయి, ఖరీదైన పరీక్ష ముందుకు రావడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇక రక్తం. చనిపోతున్న క్యాన్సర్‌ కణాల నుంచి డీఎన్‌ఏ చిన్న చిన్న తునకలుగా రక్తంలోకి వస్తుంది. ఆ తునకలు రెండు గంటలలోపే సగానికి తగ్గిపోతాయి కాబట్టి, పరీక్షలో కనిపించేది ఇప్పటి వ్యాధి పరిస్థితే. సూది ఒక్కచోట గుచ్చుకుంటుంది. రక్తంలోకి కాలేయంలోని మచ్చల నుంచి కూడా డీఎన్‌ఏ వస్తుంది. మన ప్రాంతం వారికి అర్థమయ్యేలా చెప్పాలంటే, మురుగు కాలువ నీరు పరీక్షించి పైనున్న రొయ్యల చెరువులలో ఏ మందు వాడారో చెప్పడం వంటిది. కాని తూము మూసి ఉన్న చెరువు సంగతి కాలువ నీటిలో తెలియదు. మీ రెండో ప్రశ్నకు జవాబు అదే: మార్పు ఉందని వస్తే చాలావరకు నమ్మవచ్చు, లేదని వస్తే నమ్మరాదు. గడ్డలో ఈజీఎఫ్‌ఆర్‌ మార్పు ఉన్నవారు పదిమందిలో దాదాపు ముగ్గురికి రక్తంలో అది కనిపించదు. వ్యాధి మెదడుకే పరిమితమైనవారిలో, గడ్డల భారం తక్కువగా ఉన్నవారిలో ఇలా జరగడం మరీ ఎక్కువ. ఏఎల్‌కే వంటి జన్యువుల అతుకులను (ఒక జన్యువు మరొకదానితో అతుక్కుపోవడాన్ని) కూడా రక్తంలో పట్టుకోవడం కష్టం. రక్తంలో ఏమీ లేదని వస్తే మళ్లీ ముక్క తీయవలసిందే.

మొదటి ప్రశ్నలోనూ ఒక చిక్కు ఉంది. వయసు పెరిగేకొద్దీ తెల్ల రక్తకణాలలో కూడా కొన్ని జన్యు మార్పులు చేరుతుంటాయి. డీఎన్‌ఎమ్‌టీ3ఏ, టెట్‌2, ఒక్కోసారి టీపీ53 అనే జన్యువులలోని మార్పులు అలా వచ్చినవే కావచ్చు. నివేదికలో కనిపించిన ప్రతి పేరూ క్యాన్సర్‌ది కాదు. ఈజీఎఫ్‌ఆర్‌లో 19వ ఎక్సాన్‌ (జన్యువులోని ఒక భాగం) లో కొంత ఊడిపోవడం గాని, ఎల్‌858ఆర్‌ అనే మార్పు గాని కనబడితే మాత్రం అనుమానించే పని లేదు. పొగ తాగని స్త్రీలలో వచ్చే ఎడినోకార్సినోమాలో ఈ మార్పులు తరచుగా ఉంటాయి కనుకనే మీ డాక్టరుగారు పట్టుబడుతున్నారు. ఉంటే వైద్యమే మారిపోతుంది. 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ ఈజీఎఫ్‌ఆర్‌ మార్పులు ఉన్నవారికి ఇచ్చే ఒసిమెర్టినిబ్‌ మాత్రతో వ్యాధి పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం 18.9 నెలలు, జెఫిటినిబ్‌, ఎర్లోటినిబ్‌ వంటి పాత మాత్రలతో 10.2 నెలలు.

కీమో అయ్యాక రక్తం ఇస్తామనుకోకండి. కీమో పనిచేయడం మొదలైతే గడ్డ వదిలే డీఎన్‌ఏ తగ్గిపోతుంది, పరీక్షలో ఏమీ లేదని రావచ్చు. సోమవారం లోపలే ఇవ్వండి.

డెబ్బై జన్యువులు తప్పనిసరా అంటే, కాదు. ఈజీఎఫ్‌ఆర్‌ ఒక్కటే చూసే రక్త పరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే అనుమతి ఇచ్చింది, అనేక జన్యువులను ఒకేసారి చూసే పెద్ద ప్యానెళ్లకు 2020లో ఇచ్చింది. ఒక్క జన్యువు పరీక్ష కొన్ని వేలలో అయిపోతుంది. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే దానితో మొదలుపెట్టమని అడగడంలో తప్పు లేదు.

జవాబు (ల్యాబ్‌ టెక్నీషియన్‌, రావులపాలెం)

ఇంటికి వచ్చి రక్తం తీసే అబ్బాయికి ఒక విషయం గట్టిగా చెప్పండి. ఈ పరీక్షకు ఊదా మూత ఉన్న మామూలు గొట్టం వాడితే కొద్ది గంటలలోనే ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) వేరుచేయాలి, లేకపోతే తెల్ల కణాలు పగిలి వాటి డీఎన్‌ఏ కలిసిపోయి అసలుది పలచబడుతుంది. మన ఊళ్ల నుంచి కొరియర్‌లో పంపడానికి అది కుదరదు. కణాలు పగలకుండా ఆపే రసాయనం ఉన్న ప్రత్యేక గొట్టాలు కంపెనీ కిట్‌లోనే వస్తాయి. వాటిని నిండా నింపి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. అన్ని శాంపిళ్లనూ ఐసు మీద పెట్టే అలవాటు మా వాళ్లకు ఉంది, వీటిని మాత్రం ఐసులో పెట్టకూడదు. అలాగని ఎండలో బండి డిక్కీలో వదిలేయడమూ కుదరదు. గది వేడిలో ఉంచితే రెండు మూడు రోజుల ప్రయాణాన్ని తట్టుకుంటాయి.

జవాబు (భీమవరం)

అమ్మా, మా ఇంటావిడకు రొమ్ము క్యాన్సర్‌ ఎముకలకు పాకినప్పుడు ఒక ఆసుపత్రిలో పెద్ద ప్యానెల్‌ చేయించారు. ముప్పై పేజీల నివేదిక ఇచ్చారు గాని, దానిని బట్టి మందు మార్చింది లేదు. ఇంత ఖర్చు పెట్టే ముందు, ఫలితం ఏది వస్తే ఏ మందు ఇస్తారో, ఆ మందు మన చేతికి అందేదో కాదో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోమని నా మనవి. మరొక సందేహం: మా అబ్బాయిలు ఆరోగ్యంగానే ఉన్నారు, ముందు జాగ్రత్తగా వాళ్లకు ఈ పరీక్ష చేయిస్తే మంచిదేనా?

జవాబు (క్యాన్సర్‌ వైద్యుడు, రాజమహేంద్రవరం)

మీ సలహా సరైనదే. అబ్బాయిలకు మాత్రం వద్దు. ఇది తెలిసిన క్యాన్సర్‌కు మందు ఎంచుకునే పరీక్ష, ఆరోగ్యవంతులలో వ్యాధిని వెతికేది కాదు. బీఆర్‌సీఏ (రొమ్ము క్యాన్సర్‌ ముప్పును పెంచే జన్యువు) వంటి వాటిలో వంశపారంపర్య మార్పు ఉందేమోనని అనుమానమైతే దానికి వేరే పరీక్ష ఉంది. అది ముందుగా మీ భార్యగారికి చేయించాలి.

అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. సెల్‌ బ్లాక్‌ ఉన్నదట, కణాలు ఓ మాదిరిగా ఉన్నాయన్నారు. రెండూ పంపాలా? ఫలితం వచ్చేదాకా కీమో ఆపమనాలా?

జవాబు (క్యాన్సర్‌ వైద్యుడు, రాజమహేంద్రవరం)

బ్లాక్‌ మీద ఈజీఎఫ్‌ఆర్‌, ఏఎల్‌కే చేయించండి. రక్తం కూడా శనివారమే తీయించండి, ఒకదానిలో తప్పిపోయినది మరొకదానిలో దొరకవచ్చు. ఆయాసం ఎక్కువగా ఉంటే కీమో ఆపనక్కరలేదు, మార్పు దొరికాక మాత్రకు మారవచ్చు. అయితే ఆ మొదటి విడతలో కీమోతో పాటు ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌ మీదకు మళ్లించే మందు) ఇంజెక్షన్‌ రాశారేమో తప్పక అడగండి. అది ముందు ఎక్కించి, వెంటనే ఒసిమెర్టినిబ్‌ మొదలుపెడితే ఊపిరితిత్తుల వాపు ప్రమాదకరంగా రావచ్చు. ఫలితం చేతికి వచ్చేదాకా ఆ ఇంజెక్షన్‌ ఒక్కటీ ఆపగలరా అని మీ డాక్టరుగారిని అడగండి.