గ్రైండర్ మీద ఉలి నీలంగా మారిపోయింది. దానంగా వచ్చిన ఉలి, ఏం చేయాలి?

శనివారం_బల్ల:
నమస్కారమండీ. ఇళ్లలో మూలపడిన సుత్తులు, రంపాలు, ఉలులు జనం తెచ్చిస్తే, బాగుచేసి కొత్తగా పనిలోకి దిగేవాళ్లకు ఉచితంగా ఇచ్చే బృందం మాది. మూడు నెలలుగా శనివారాలు వెళ్తున్నాను. అంతకుముందు నేను ఉలి పట్టింది లేదు.

పోయిన వారం ఒక పెద్దావిడ చనిపోయిన తన భర్త పెట్టెను స్వయంగా మోసుకొచ్చారు. ఆరు ఉలులు, ఒక సుత్తి. ముప్పావు అంగుళం ఉలి అంచుకు గాట్లు పడి ఉంటే గ్రైండర్ మీద పెట్టాను. గట్టిగా అదిమినట్టున్నాను, కొన ఒక్కసారిగా నీలంగా మారింది. వెంటనే నీళ్లలో ముంచాను. పదును వచ్చింది గానీ, చెక్క మీద నాలుగు దెబ్బలకే అంచు మడత పడింది. అంత నమ్మి ఇచ్చిన వస్తువు నా చేతుల్లో పాడైందని రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక సుత్తి. తల వదులైంది. పిడి మీద బొటనవేలు ఆనే చోట నున్నగా చిన్న గుంట ఉంది. ఎన్నేళ్లు పట్టుకుంటే అలా పడుతుందో! కొత్త పిడి వెయ్యమని ఒకరు, రాత్రంతా నీళ్లలో నానబెడితే బిగుస్తుందని ఇంకొకరు. నాకైతే ఆ పిడి తీయాలని లేదు.

ఉలి_సాన:
తమ్ముడూ, ఉలికేం కాలేదు, టెన్షన్ పడకు. ఉక్కు నీలమెక్కిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలినట్టు. ఆ వేడికి అక్కడ గట్టిదనం పోయి మెత్తబడింది. ఆ తర్వాత నీళ్లలో ముంచినా అది తిరిగి రాదు, ముంచడం రంగు రాకముందు చేయాల్సిన పని. కానీ మెత్తబడింది కొన వరకే. నీలం ఉన్నంత మేరా, అంటే రెండు మూడు మిల్లీమీటర్లు, అరగదీసెయ్. గ్లౌజులు వద్దు, వేలు కొనకు దగ్గరగా ఆనించి పట్టుకో. వేడి తెలిసిన క్షణమే నీళ్లలో ముంచు. ఏటవాలు 25 డిగ్రీలకు తెచ్చి, చిట్టచివరి అంచు మాత్రం చేతి సానరాయి మీద 30 డిగ్రీలకు పట్టు. వెనక వైపు కొన దగ్గర అద్దంలా చదునుగా లేకపోతే ముందు ఎంత పట్టినా లాభం లేదు. కొత్తవాళ్లు మర్చిపోయేది ఆ వెనక వైపే.

కొయ్యపని:
సుత్తిని దయచేసి నీళ్లలో పెట్టకండి. కొయ్య ఉబ్బి ఇనుముకు ఒత్తుకుని నలిగిపోతుంది, ఆరాక ముందుకన్నా వదులవుతుంది. మీరిచ్చిన రోజు బిగువుగానే ఉంటుంది. నెల తర్వాత పనిలో తల ఊడి ఎగిరితే పక్కవాడి కన్ను పోతుంది. తల విప్పి లోపల ఉన్న కొయ్యను వెలుతురులో చూడండి. పగులు లేకపోతే తలను ఇంకాస్త కిందికి దించి, బాగా ఎండిన గట్టి చెక్క ముక్క చీలగా దిగ్గొట్టండి, పాత పిడే ఉంటుంది. పగులు కనిపిస్తే మాత్రం మొహమాటపడొద్దు.

పిడికి అవిసె నూనె రాస్తే, ఆ గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టండి.

తుప్పు_వదిలింది:
మిగతా ఉలులకు తుప్పుంటే ఇనుము వరకే వెనిగర్‌లో ఒక రాత్రి చాలు, రోజులు వదిలేస్తే ఉక్కునే తినేస్తుంది. తీశాక వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి.

శనివారం_బల్ల:
అందరికీ కృతజ్ఞతలు. ఉలికి రెండు గంటలు పట్టింది. ఇప్పుడు గట్టి చెక్క మీద కూడా అంచు నిలుస్తోంది.

సుత్తి తల విప్పితే లోపల, పైకి కనిపించని చోట, వెంట్రుకంత పగులు. కొత్త పిడే వేశాం. పాత పిడి ఆవిడకు తిరిగి ఇచ్చాను. ఏమీ అనలేదు, ఆ గుంటలో తన బొటనవేలు పెట్టి చూసుకున్నారు. ఆయన వేలు పెద్దది.

వచ్చే శనివారం మిగతా అయిదు ఉలులు.