శృంగేరిలో గురుదర్శనానికి మొదటిసారి వెళ్తున్నాము, ఎలా మసలుకోవాలి?

ప్రశ్న: నరసరావుపేట వాసి

వచ్చే నెలలో మా అమ్మగారిని, పన్నెండేళ్ల మా అబ్బాయిని తీసుకొని శృంగేరి వెళ్లాలని నిశ్చయించుకున్నాను. శారదాంబ దర్శనం విషయంలో నాకు సందేహాలేమీ లేవు, గుడిలో ఎలా మెలగాలో చిన్నప్పటినుంచీ తెలిసినదే. అయితే జగద్గురువుల దర్శనం కూడా చేయించమని అమ్మ అడుగుతున్నారు. నాన్నగారు ఉండగా ఇద్దరూ కలిసి వెళ్లాలనుకొని ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చారు; ఆయన కాలం చేసి రెండేళ్లయింది.

ఒక పీఠాధిపతి ఎదుట నిలబడటం నాకు ఇదే మొదలు. ఏ దుస్తులు వేసుకోవాలి, చేతిలో ఏమి ఉండాలి, మాట్లాడవచ్చునా అన్నవి చిన్న సందేహాలు. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, నేలమీద వంగి నమస్కరించలేరు. అసలు సందేహం నా గురించే. నేను నిత్యం పూజ చేసేవాణ్ణి కాను. నమ్మకం పూర్తిగా కుదరకుండా మరొక మనిషి ఎదుట సాష్టాంగపడితే, అది అమ్మను సంతోషపెట్టడానికి చేసిన నటన అవుతుందేమోనని బాధగా ఉంది. మరొక మాట కూడా ఉంది. నాన్నగారి చివరి రోజున ఆసుపత్రిలో, ఇక కృత్రిమ శ్వాస వద్దని నేను ఒక కాగితం మీద సంతకం చేశాను. ఆ పని ధర్మమా కాదా అని ఎవరినైనా అడగాలని రెండేళ్లుగా మనసులో ఉంది. అక్కడ అలాంటి ప్రశ్న అడగడానికి వీలుంటుందా?

సమాధానం: విశ్రాంత సంస్కృత ఉపాధ్యాయుడు

ముందుగా దుస్తుల మాట. పురుషులు పంచె కట్టుకొని ఉత్తరీయం వేసుకోవాలి, స్త్రీలు చీరగాని ఓణీతో కూడిన సంప్రదాయ దుస్తులుగాని ధరించాలి. 2024 ఆగస్టు 15 నుంచి ఆలయంలో కూడా ఈ నియమాన్ని గట్టిగా పాటిస్తున్నారు. గురువుల ఎదుటికి వెళ్లేటప్పుడు ఉత్తరీయాన్ని భుజం మీదనుంచి తీసి నడుముకు చుట్టుకోవడం పెద్దలు చెప్పే మర్యాద. ఫోను ఆపి సంచిలో పెట్టండి, ఫోటోలు తీయకూడదు. ఉత్తచేతులతో వెళ్లకూడదంటారు కాబట్టి పళ్లు తీసుకువెళ్లండి, వాటిని స్వామివారి చేతికి అందించకుండా ఎదురుగా ఉన్న పళ్లెంలో ఉంచండి. వారి పాదాలను తాకే ప్రయత్నం చేయవద్దు. దర్శనానికి రుసుము లేదు. పాదపూజ, భిక్షావందనం (యతులకు భిక్ష సమర్పించడం) వంటి సేవలు చేయించుకోదలిస్తేనే మఠం కార్యాలయంలో ముందుగా నమోదు చేసుకోవాలి.

బయలుదేరే ముందు, ఆ తేదీల్లో స్వామివారు శృంగేరిలో ఉంటారో లేదో, దర్శన సమయాలేమిటో తప్పక తెలుసుకోండి. 36వ పీఠాధిపతులైన శ్రీ భారతీతీర్థ మహాస్వామివారిని అక్కడివారు మహాసన్నిధానమనీ, వారి ఉత్తరాధికారులైన శ్రీ విధుశేఖర భారతీ స్వామివారిని సన్నిధానమనీ పిలుస్తారు. విజయయాత్రలలో, అంటే ఊరూరా జరిపే పర్యటనలలో, ఉన్నప్పుడు శృంగేరిలో దర్శనం దొరకదు. చాతుర్మాస్యంలో మాత్రం యతులు ఒకేచోట ఉంటారు. పేరుకు నాలుగు నెలలైనా, పక్షమే మాసమన్న లెక్కతో నాలుగు పక్షాలపాటు, ఆషాఢ పూర్ణిమనాటి వ్యాసపూజ మొదలు భాద్రపద పూర్ణిమ వరకు ఆ దీక్ష సాగుతుంది.

భాష గురించి బెంగ అవసరం లేదు. మహాసన్నిధానం 1951లో మచిలీపట్నంలో జన్మించారు, వారి కుటుంబం పల్నాడుకు చెందినది, అంటే మీ ప్రాంతమే. సన్నిధానం జన్మస్థలం తిరుపతి. మీ అబ్బాయికి ఒక సంగతి చెప్పండి: పదిహేనేళ్ల వయసులో, 1966లో, మహాసన్నిధానం ఉజ్జయినిలో తమ గురువులైన శ్రీ అభినవ విద్యాతీర్థ స్వామివారిని ఆశ్రయించి వారి వద్ద శాస్త్రాలు చదువుకున్నారు. 1974లో సన్యాసం స్వీకరించారు, 1989లో పీఠాన్ని అధిష్ఠించారు. ఎదుట కూర్చున్నవారు కూడా ఒకనాడు శిష్యులై గురువు ఎదుట నిలబడినవారేనని పిల్లవాడికి తెలిస్తే, బెదురు తగ్గి గౌరవం నిలుస్తుంది.

ఇక మీ అసలు సందేహానికి వస్తాను. గృహస్థుడు యతికి నమస్కరిస్తూ ‘ఓం నమో నారాయణాయ’ అంటాడు, యతి ‘నారాయణ’ అని పలుకుతాడు. ఇది ఆశీర్వచనం కాదు. ఆ నమస్కారాన్ని యతి తనకోసం ఉంచుకోక నారాయణుడికి సమర్పిస్తున్నాడని దాని భావం. కాబట్టి మీరు ఒక మనిషి గొప్పతనాన్ని ఒప్పుకొని సాష్టాంగపడుతున్నట్లు కాదు. శంకర భగవత్పాదులనుంచి వారి శిష్యులైన సురేశ్వరాచార్యుల మీదుగా నేటివరకు ఒకరినుంచి ఒకరికి అందుతూ వచ్చిన విద్యకు నమస్కరిస్తున్నారు. నమ్మకం పూర్తిగా కుదిరిన తరువాతే నమస్కరించాలనే నియమం ఉంటే మా తరంలో కూడా చాలామంది దూరంగానే మిగిలిపోయేవారు. మనసు ఎంతవరకు వంగితే అంతవరకే వంగనివ్వండి, అందులో నటన లేదు.

సమాధానం: విజయవాడ గృహిణి

అమ్మగారి మోకాళ్ల విషయంలో నా అనుభవం చెబుతాను. స్త్రీలు సాష్టాంగం చేయరు, మోకాళ్లమీద కూర్చొని వంగి నమస్కరిస్తారు, అదీ చేయలేనివారు నిలబడి చేతులు జోడిస్తే సరిపోతుంది. ఈ మాట నేను ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మరొకచోట ఒక స్వామివారి సభలో, వంగలేక తడబడుతున్న మా అత్తగారిని వరుస నడిపించే కార్యకర్త ఒకరు తొందరపెట్టారు. ఆమె అక్కడే కన్నీళ్లు పెట్టుకున్నారు, తరువాత మూడేళ్లపాటు ఏ దర్శనానికీ రానన్నారు. అందుకని మీరు ముందే అమ్మగారికి చెప్పి ఉంచండి, మీరు పక్కనే ఉండి చేయి పట్టుకోండి, వరుసలోకి వెళ్లకముందే అక్కడున్నవారికి ఆమె పరిస్థితి చెప్పండి.

స్వామివారు దర్శనమిచ్చే గురునివాసం ఆలయ ప్రాంగణంలో లేదు. తుంగానదికి అవతలి ఒడ్డున నరసింహవనంలో ఉంది. విద్యాతీర్థ సేతువు దాటి, చెట్లమధ్య కొంత దూరం నడవాలి. మేము వెళ్లినప్పుడు అరగంట ముందుగా బయలుదేరి వంతెనమీద ఆగుతూ వెళ్లాము. దర్శనంలో మీకు దొరికేది కొద్ది క్షణాలే. స్వామివారు ఫలమంత్రాక్షతలు ఇస్తారు. కుడిచేయి చాచి, క్రింద ఎడమచేయి ఆనించి తీసుకొని, అక్షతలు తలమీద వేసుకొని ప్రక్కకు జరగాలి. అంత ప్రయాణం చేసి ఇంతేనా అని నాకు మొదటిసారి అనిపించిన మాట నిజం. ఆ రాత్రి చంద్రమౌళీశ్వర పూజకు కూర్చున్న తరువాత ఆ వెలితి తీరింది. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో జగద్గురువులు స్వయంగా చేసే పూజ అది. ఆదిశంకరులనుంచి సంక్రమించిందని సంప్రదాయం చెప్పే స్ఫటికలింగానికి అభిషేకం జరుగుతున్నంతసేపూ ఎవరూ తొందరపెట్టరు, ఎవరూ మాట్లాడరు. అమ్మగారిని ఆ పూజకు తప్పక తీసుకువెళ్లండి. పగలు కాస్త విశ్రాంతి తీసుకోనిస్తే రాత్రి కూర్చోగలరు.

సమాధానం: హైదరాబాదు, నల్లకుంట

పైన మాస్టారు నమస్కారం గురించి చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను. నాన్నగారి విషయంపై ఎవరూ స్పందించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. వరుసలో నిలబడి దర్శనం చేసుకునేటప్పుడు ఆ ప్రశ్న అడుగుదామన్న ఆశతో వెళ్లవద్దు. వెనుక వందలమంది వేచి ఉంటారు, రెండు వాక్యాల్లో చెప్పగలిగిన సంగతి కాదది, చెప్పబోయి గొంతు పూడుకుపోతే ఇంటికి తిరిగి వచ్చాక మిగిలేది ఇంకొక బాధ. స్వామివారి నగర పర్యటనలలోనూ ఇదే పరిస్థితి. ఇక్కడి శంకరమఠానికి విజయం చేసినప్పుడు పూర్ణకుంభ స్వాగతం, ధూళిపాదపూజ (రాగానే చేసే పాదపూజ), అనుగ్రహభాషణం అన్నీ కన్నులపండువగా జరుగుతాయి, కాని ఒక్కొక్కరి కష్టం విని సమాధానం చెప్పే వ్యవధి ఉండదు. గురుదర్శనమంటే ఏకాంతంగా సలహా దొరికే చోటు అనుకొని వెళ్లినవారు చిన్నబుచ్చుకొని రావడం నేను చూశాను.

నేను చేసినది చెబుతాను. మా తమ్ముడు పోయినప్పుడు ఇటువంటి భారమే నాకూ ఉండేది. విషయాన్ని ఒక పుటలో రాసుకొని, శృంగేరిలో ధర్మశాస్త్రం చదివిన ఒక పండితుణ్ణి ముందుగా అనుమతి అడిగి కలిశాను. ఆయన గంటసేపు విన్నారు. ఆ రోజు నా ఉద్దేశమేమిటో, ఎవరి బాధ తగ్గించడానికి ఆ పని చేశానో ముందు నాచేతనే చెప్పించారు, ఆ తరువాతే శాస్త్రంలోకి వెళ్లారు. మీకు వచ్చే సమాధానం నాకు వచ్చినదే కావాలని లేదు కనుక దానిని ఇక్కడ రాయను. ఆ పుట జేబులో ఉండగానే మరునాడు దర్శనానికి వెళ్లాను. ఏమీ అడగలేదు. అక్షతలు తీసుకున్నప్పుడు తమ్ముడి పేరు మనసులో అనుకున్నాను.

నరసరావుపేట వాసి

ముగ్గురికీ నమస్కారాలు. మీ సమాధానాలు అమ్మకు చదివి వినిపించాను, సంతకం సంగతి తప్ప. ఆ మాట ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. శృంగేరి వెళ్లేలోగా చెప్పాలని ఇప్పుడు అనిపిస్తోంది, ఎందుకంటే పండితులకన్నా ముందు వినవలసింది ఆమే. ఒక చిన్న సందేహం మిగిలింది. మా అబ్బాయికి ఇంకా ఉపనయనం కాలేదు. వాడికి కూడా పంచె కట్టించాలా?

విశ్రాంత సంస్కృత ఉపాధ్యాయుడు

కట్టించడమే మంచిది, ఉపనయనంతో దానికి సంబంధం లేదు. ఇప్పటినుంచే రోజూ సాయంత్రం ఒక గంట కట్టుకొని నడవడం అలవాటు చేయండి. లేకపోతే దర్శన సమయంలో వాడి ధ్యాసంతా జారిపోతున్న పంచెమీదే ఉంటుంది. దర్శనమయ్యాక వంతెన దిగి తుంగ ఒడ్డున మెట్లమీద కూర్చోబెట్టండి. అక్కడి చేపలకు మరమరాలు వేయడం వాడికి తప్పక నచ్చుతుంది, అమ్మగారికీ కాస్త విశ్రాంతిగా ఉంటుంది.