"కదా", "అనుకుంటా" మానేస్తే ఆడవాళ్ళ మాటకు విలువ వస్తుందా?

(ఒక చర్చా పేజీ నుంచి. ప్రతి మాట పైన ఉన్నది రాసినవాళ్ళ మారుపేరు, బ్రాకెట్లో ఊరు.)

చీనీతోట (అనంతపురం)

మా దగ్గర మహిళా సర్పంచ్‌లకు రెండు రోజుల శిక్షణ జరిగింది. నేను అక్కడ సహాయకురాలిని. మాట్లాడే పద్ధతి మీద క్లాసు తీసుకున్న సారు బోర్డు మీద "కదా", "అనుకుంటా", "ఏమో", "కొంచెం" అని నాలుగు మాటలు రాసి, నాలుగింటినీ ఎర్ర సుద్దతో కొట్టేశాడు. "ఇవి మానేయండి, ఆఫీసర్లు మీ మాట వింటారు" అన్నాడు. ముప్పై మంది ఆడవాళ్ళు బుద్ధిగా నోట్సులో రాసుకున్నారు.

ఈ జాబితా ఎక్కడిదో నాకు తెలుసు. ఎంఏలో చదివాను. 1975లో రాబిన్ లేకాఫ్ అనే అమెరికా భాషావేత్త ఆడవాళ్ళ భాష మీద ఒక పుస్తకం వేసింది. తటపటాయింపు మాటలు, వాక్యం చివర "కదా" లాంటి ప్రశ్నలు, అతి మర్యాద ఆడవాళ్ళలో ఎక్కువ అని రాసింది. టేపులు పెట్టి లెక్క కట్టలేదు, తన మాటలూ తెలిసినవాళ్ళ మాటలూ గమనించి రాసింది. అయితే ఆమె బాధ వేరు. ఆడపిల్లకు మెత్తగా మాట్లాడమని నేర్పేదీ మనమే, మెత్తగా మాట్లాడుతుంది కాబట్టి పెద్ద పనికి పనికిరాదనేదీ మనమే అని. మా సారు ఆ బాధను వదిలేసి జాబితా ఒక్కటి పట్టుకొచ్చాడు.

అడుగుతున్నాను, చెప్పండి. మాట చెల్లకపోవడానికి కారణం మాటతీరా, ఆ మనిషికి ఉన్న స్థానమా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

అమ్మా, ఆ సారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను 22 ఏళ్ళుగా ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పిల్లలను తయారు చేస్తున్నా. మగపిల్లోడు తప్పు జవాబైనా బల్ల గుద్దినట్టు చెప్తాడు. ఆడపిల్ల సరైన జవాబు తెలిసి కూడా "అనుకుంటా సార్" అంటుంది. మార్కులు ఎవరికి పడతాయో వేరే చెప్పాలా?

నా సొంత కూతురి సంగతే చెప్తా. రాత పరీక్షలో ఆ బ్యాచ్‌లో అందరికంటే ముందు. ఇంటర్వ్యూలో ప్రతి జవాబుకూ "నాకు తెలిసినంతవరకు" అని మొదలుపెట్టింది. పోయింది. ఆమె వెనకాల వచ్చినవాడికి ఉద్యోగం వచ్చింది. పుస్తకాల్లో ఎవరేం రాసినా నేను నమ్మను, కళ్ళారా చూసినదే నమ్ముతా.

ఉగ్గాని బజ్జి (ఆదోని)

ఆడవాళ్ళకు మాటలు నేర్పాలా? మా ఇంట్లో రోజంతా మాట్లాడేది మా ఆవిడే.

చీనీతోట

ఉగ్గాని అన్నా, 2007లో సైన్స్ పత్రికలో దీని మీద ఒక పరిశోధన వచ్చింది. 396 మంది కాలేజీ విద్యార్థులకు రికార్డర్లు తగిలించి లెక్కపెడితే ఆడా మగా ఇద్దరూ రోజుకు ఇంచుమించు 16 వేల మాటలే మాట్లాడారు.

ఉగ్గాని బజ్జి

అది కాలేజీ పిల్లల లెక్క. సంసారాల లెక్క చెప్పు.

చీనీతోట

అదీ ఉంది. పమేలా ఫిష్‌మన్ అనే పరిశోధకురాలు 1970లలో మూడు జంటల ఇళ్ళల్లో టేపు రికార్డర్లు పెట్టింది. మాట ఎత్తుకునేదీ, ప్రశ్నలు అడిగి దాన్ని నడిపేదీ ఎక్కువగా భార్యలు. భర్త "ఊఁ" అంటే ఆ మాట అక్కడితో చచ్చిపోయేది. భర్త ఎత్తుకున్న మాట మాత్రం దాదాపు ప్రతిసారీ నిలబడింది, ఎందుకంటే భార్య దాన్ని మోసింది. మీ ఆవిడ ఒక్కటే ఎందుకు మాట్లాడుతోందో ఒకసారి ఇంట్లో కూర్చుని వినండి.

గండికోట (కడప)

నేను తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. "కదా", "ఏమో" సంగతి తర్వాత. అసలు మన క్రియాపదమే చూడండి. వాడు వచ్చాడు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ ఆవుకూ బస్సుకూ ఒకటే క్రియ. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చువేసేనాటికే ఇది ఇట్లాగే ఉంది. వ్యాకరణం లెక్కలో పురుషులు మహత్తులు, పశువులూ వస్తువులూ అమహత్తులు. స్త్రీలు ఏకవచనంలో అమహత్తులతో నడుస్తారు, బహువచనంలోకి వచ్చాకే మగవాళ్ళతో కలిసి "వచ్చారు" అవుతారు. అంటే ఒక్కతే ఉంటే వస్తువు, నలుగురైతే మనిషి. భాషలోనే ఇంత ఉంటే "కదా" తీసేసి ఏం సాధిస్తారు?

బళ్ళారి రోడ్డు (రాయదుర్గం)

సార్, మాది కన్నడం తెలుగు రెండూ మాట్లాడే ఇల్లు. కన్నడంలో అవను బందను, అవళు బందళు, అదు బంతు. ఆడమనిషికి సొంత క్రియ ఉంది. అయినా పావగడ వైపు మా మేనమామ ఊళ్ళో పంచాయతీ మెంబరు మా అత్త, మీటింగుకు పోయేది మామ.

గండికోట

నాయనా, నేను క్రియ గురించి చెప్పాను. మీ మామ గురించి కాదు.

కేసీ కెనాల్ (కర్నూలు)

ఇంతమంది ఇన్ని చెప్తున్నారు కానీ అసలు సమస్య మాటకు అడ్డం రావడం. 1975లో జిమ్మర్‌మన్, వెస్ట్ చేసిన పరిశోధనలో ఆడ మగ మాట్లాడుకున్నప్పుడు 48 సార్లు ఒకరు ఇంకొకరి మాట తెంచితే అందులో 46 సార్లు తెంచింది మగవాడే.

కొండారెడ్డి బురుజు

ఎన్ని సంభాషణలు చూశారు బాబూ? 11. ఆ 11లో ఒక్క వాగుడుకాయ ఉంటే చాలు, లెక్క తలకిందులవుతుంది. ఈ మాట ముందే ఎత్తిచూపినవాళ్ళు ఉన్నారు. ఊరికే అంకెలు విసరొద్దు.

చీనీతోట

11 తక్కువే, ఒప్పుకుంటా. బురుజు అన్నకు ఒక్క కూతురి ఇంటర్వ్యూ చాలినప్పుడు కేసీ అన్నకు 11 ఎందుకు చాలవో మాత్రం అర్థం కాలేదు.

సరే, నేను కళ్ళారా చూసింది చెప్తా. మండలం పేరు వద్దు. సర్వసభ్య సమావేశం. మా శిక్షణకు వచ్చిన సర్పంచ్ ఒకామె మూడో వరుసలో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంతు రాగానే లేచి, "బోరు మోటారు కాలిపోయి పదకొండు రోజులైంది కదా సార్, ఇంటికి నాలుగు బిందెలే వస్తున్నాయి, ఈ వారంలో కొత్తది వస్తుందనుకుంటాము" అంది. ఇంజనీరు తల ఎత్తలేదు. "ఎల్‌పీసీడీ ఎంత వస్తోంది?" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. వెనక గోడకు ఆనుకుని నిలబడిన భర్త ముందుకొచ్చి ఆమె చేతిలోంచి మైకు తీసుకుని, "మోటారు కాలి పదకొండు రోజులైంది" అన్నాడు. ఇంజనీరు రాసుకున్నాడు. ఆమె అన్నదే ఆయనా అన్నాడు.

కొండారెడ్డి బురుజు

చూశావా, నువ్వే రుజువు చేశావు. ఆయన "కదా" లేకుండా చెప్పాడు, రాసుకున్నారు.

చీనీతోట

ఇంకా అయిపోలేదు. ఆమె పక్క కుర్చీలో ఇంకో సర్పంచ్. పెద్ద ఇల్లు, వాళ్ళ మామ పాత ప్రెసిడెంటు. ఆమె కూడా "మా రోడ్డు కొంచెం చూడాలి కదా సార్" అనే అంది. అందరూ రాసుకున్నారు. భర్త రానేలేదు, రావలసిన పనీ పడలేదు. అదే "కదా", అదే "కొంచెం", అదే గది.

ఓబార్, ఆట్కిన్స్ అని ఇద్దరు 1980లో రాసింది ఇదే. అమెరికాలో నార్త్ కరోలినా కోర్టుల్లో సాక్షుల మాటలు రికార్డు చేశారు. లేకాఫ్ చెప్పిన "ఆడవాళ్ళ భాష" చదువూ హోదా లేని మగ సాక్షుల్లోనూ కనిపించింది. నిపుణురాలిగా సాక్ష్యం చెప్పిన ఆడవాళ్ళలో బాగా తక్కువ. అందుకే దాన్ని ఆడవాళ్ళ భాష అనొద్దు, అధికారం లేనివాళ్ళ భాష అనండి అన్నారు.

కొండారెడ్డి బురుజు

ఆ జట్టే ఇంకో పని చేసింది, అది నువ్వు చెప్పలేదు. ఒకే సాక్ష్యాన్ని మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి చదివించి జనానికి వినిపించారు. మెత్తగా చెప్పినప్పుడు తక్కువ నమ్మారు. చెప్పింది ఆడైనా మగైనా సరే. నీ పుస్తకం నీ వైపే ఉందనుకోకు.

చీనీతోట

తెలుసు. అక్కడ సాక్షి ఎవరో వినేవాళ్ళకు తెలియదు, గొంతు ఒక్కటే వింటారు. మండలాఫీసులో ఎవరు ఎవరి కోడలో అందరికీ తెలుసు.

గండికోట

"కదా" అనేది "అది కాదా" అన్న ప్రశ్న నుంచి వచ్చింది కానీ వాడుకలో అది ఎదుటివాణ్ణి మాటలోకి పిలవడం. జానెట్ హోమ్స్ అనే ఆమె ఇంగ్లీషులో ఇట్లాంటి ప్రశ్నల మీద ఈ మాటే చెప్పిందని నా మనవరాలు చదివి వినిపించింది. అనుమానంతో అడిగేది వేరు, పక్కవాణ్ణి కలుపుకోవడానికి అడిగేది వేరు. మా ఊళ్ళో రచ్చబండ మీద మగవాళ్ళు "కదప్పా" లేకుండా ఒక్క వాక్యం పూర్తి చెయ్యరు. వాళ్ళను ఎవరూ తటపటాయించారనలేదు.

పెన్నేటి గట్టు (ప్రొద్దుటూరు)

ఆడవాళ్ళది కలుపుకునే మాట, మగవాళ్ళది సమాచారం చెప్పే మాట. డెబొరా టానెన్ అనే అమెరికా భాషావేత్త 1990లోనే చెప్పింది, రెండు సంస్కృతులని. ఒకరినొకరు అర్థం చేసుకుంటే సరిపోతుంది. గొడవెందుకు?

చీనీతోట

ఆ ఇంజనీరుకు అర్థం కాక కాదు. "మోటారు కాలింది" అంటే ఎవరికి అర్థం కాదు? అర్థం చేసుకోకపోయినా నడుస్తుంది కాబట్టి చేసుకోలేదు.

కొండారెడ్డి బురుజు

నీతో ఇదే చిక్కమ్మా. ఎవరేం చెప్పినా అధికారం, అధికారం. నువ్వు ఒక ఆడపిల్లను పెంచి, ఉద్యోగానికి పంపి, అది రాక ఏడుస్తుంటే చూసి అప్పుడు మాట్లాడు. చదువుకున్నవాళ్ళకు సిద్ధాంతాలు సులభం.

చీనీతోట

నేను ఆడపిల్లను పెంచలేదు. ఆడపిల్లగా పెరిగాను. అది చాలదా అన్నా? నాకు నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. మూడింటిలో మెత్తగా మాట్లాడాను, నాలుగో దాంట్లో మీలాంటి సారు చెప్పినట్టు గట్టిగా మాట్లాడాను. బయటికొచ్చాక అక్కడి గుమాస్తా చెప్పాడు, "తలపొగరు పిల్ల" అన్నారట లోపల. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దీనికి పరిశోధకులు డబుల్ బైండ్ అని పేరు పెట్టారు. పేరు తెలిసినందుకు నాకేం ఒరగలేదు.

మీ అమ్మాయి "తెలిసినంతవరకు" అన్నందుకే ఉద్యోగం పోయిందని మీకు ఎవరు చెప్పారు? బోర్డువాళ్ళు చెప్పారా?

ఉగ్గాని బజ్జి

సొంత బిడ్డల మీదికి పోకండి.

కొండారెడ్డి బురుజు

ఆ మాట ఎత్తింది నేనే, అడగనీ.

బోర్డు ఏమీ చెప్పలేదు. మా అమ్మాయి ఇంటికొచ్చి చెప్పింది వేరే. పెళ్ళయితే ఉద్యోగం మానేస్తావా, మొగుడు వేరే ఊళ్ళో ఉంటే ఏం చేస్తావు అని పది నిమిషాలు అవే అడిగారట. సబ్జెక్టు నుంచి రెండే ప్రశ్నలు. నేను అప్పుడు, "అవన్నీ మన చేతుల్లో లేవు, నీ మాటతీరు మార్చుకో" అన్నా. అద్దం ముందు నిలబెట్టి నెల రోజులు చెప్పించా. ఆ నెలలో అది నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

నీకు కోపం వస్తే రానీ. ఆ బోర్డులో కూర్చున్నవాళ్ళను నేను మార్చలేను. మండలాఫీసులో ఇంజనీరును నువ్వు మార్చలేవు. నా చేతికి అందేది నా బిడ్డ నోరు ఒక్కటే. వినేవాళ్ళు మారేదాకా అది ఇంట్లో కూర్చోవాలా?

చీనీతోట

అన్నా, ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదు.

మీరు నేర్పొద్దని నేననను. ఏమని చెప్పి నేర్పుతున్నాం అన్నదే నా గొడవ. "వాళ్ళ చెవి వంకర, దాన్ని దాటడానికి ఇది ఒక ఉపాయం" అని చెప్పి నేర్పడం ఒకటి. "నీ నోరు వంకర" అని నేర్పడం ఇంకొకటి. మీ అమ్మాయికి రెండోది వినిపించింది. ఆ ముప్పై మంది సర్పంచ్‌లకూ అదే వినిపించింది. సాయంత్రం బస్సు దగ్గర ఒకామె నాతో, "నాకు మాట్లాడటం రాదులేమ్మా, ఇంగ ఆయన్నే పంపిస్తా" అంది. మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్ళకు ఇచ్చింది ఇందుకా?

ఇంకొకటి. ఆ రోజు ఆమె నోరు మూయించింది "కదా" కాదు, "ఎల్‌పీసీడీ". మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు అని దాని అర్థం. ఆర్డనర్ అనే మానవశాస్త్రవేత్త, ఆయన తర్వాత చెరిస్ క్రామరే అనే పరిశోధకురాలు చెప్పింది ఇదే: పెత్తనం ఉన్నవాళ్ళు తమ అనుభవం నుంచి మాటలు తయారు చేస్తారు, మిగతావాళ్ళు తమ సంగతి ఆ మాటల్లోకి మార్చుకుని చెప్పాలి, మార్చలేకపోతే మూగవాళ్ళ కింద లెక్క. ఆమెకు నీళ్ళ లెక్క ఆ గదిలో అందరికంటే బాగా తెలుసు, బిందెల్లో తెలుసు.

గండికోట

ఎల్‌పీసీడీకి తెలుగు మాట ఉందా?

చీనీతోట

నేను చూసిన ఫారాల్లో లేదు సార్.

కొండారెడ్డి బురుజు

బిందె ఎన్ని లీటర్లు పడుతుంది?

చీనీతోట

మా వైపు ప్లాస్టిక్ బిందె 15. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275, అంటే దాదాపు 18 బిందెలు. వాళ్ళకు వస్తున్నవి నాలుగు.

కొండారెడ్డి బురుజు

ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి ఆమె చేతికివ్వు. వచ్చే మీటింగులో ఎవరూ లేవకముందు అదే మొదట చదవమను. "కదా" ఉంటే ఉండనీ. మైకు మాత్రం వదలొద్దని చెప్పు. నా మాట ఇప్పటికీ ఇదే, గట్టిగా చెప్పాలి. మా అమ్మాయికి ఈ పేజీ పంపిస్తా, చదువుతుందో లేదో.

బళ్ళారి రోడ్డు

అక్కా, మాకు వారానికి రెండుసార్లే నీళ్ళు వదులుతారు. ఆ 55 లెక్క మాకూ వర్తిస్తుందా?

చీనీతోట

పల్లె అయితే వర్తిస్తుంది. మీ అత్తకు చెప్పి వారం రోజులు బిందెలు లెక్క రాయించు. మామకు కాదు, అత్తకు.