అడయారు గట్టు మీది పేదల ఇళ్ళు తీసేస్తే చెన్నై మునగడం ఆగుతుందా?

వేలచ్చేరి వాసి:
2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే మా వీధి మునిగిపోయింది. నవంబర్ వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. సూటిగా చెప్తున్నా: అడయారు, కూవం నదుల గట్ల మీది గుడిసెలు ఖాళీ చేయించి, వాళ్ళకి వేరేచోట పక్కా ఇళ్ళివ్వాలి. నదికి దారి దొరుకుతుంది, వాళ్ళ ప్రాణాలూ నిలుస్తాయి. దీన్నెందుకు వ్యతిరేకిస్తున్నారు?

నెల్లూరు సివిల్:
నేనూ అదే అంటాను. 2015 డిసెంబర్ 1న చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. అంత నీళ్ళు వచ్చిపడే రాత్రి గట్టు మీద ఎవరినైనా ఉండనివ్వడం దయ అనిపించుకోదు.

సైదాపేట టీచర్:
ఇద్దరికీ జవాబు చెప్తాను. ప్రాణాల గురించి మీ బాధ నిజమైనదే. కానీ వాళ్ళని పంపిన చోటు చూశారా? సెమ్మంజేరి, పెరుంబాక్కం. రెండూ పళ్ళికరణై చిత్తడి నేల చుట్టుపక్కల పల్లంలో ఉన్నవే. గట్టి వాన పడితే సెమ్మంజేరి వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. నది ముంపు నుంచి తీసి చిత్తడి ముంపులో పెట్టాం.

పోయిన బతుకుతెరువు మాటేమిటి? మా బడిలో చదివిన ఒక పిల్ల తల్లి సైదాపేటలో నాలుగిళ్ళలో పని చేసేది. అక్కడికి మార్చాక ఆ ఇళ్ళ కోసమే తెల్లారకముందు లేచి బస్సెక్కేది. కొన్నాళ్ళకు పని మానేసింది, పిల్ల బడి మానేసింది. వరద వస్తే చుట్టుపక్కల ఎవరింట్లో మంచాన పడ్డ ముసలివాళ్ళున్నారో, ఎవరికి నెలలు నిండాయో గట్టు మీద అందరికీ తెలుసు. కొత్త బ్లాకుల్లో పక్క తలుపు వాళ్ళ పేరు కూడా తెలియదు. ముంపు రాత్రి మనిషిని కాపాడేది ఆ ఎరుకే.

ఇక నది దారికి అడ్డం ఎవరు? విమానాశ్రయం రెండో రన్‌వే అడయారు మీదుగానే పోతుంది. బకింగ్‌హాం కాలువలో రైలు స్తంభాలు దింపారు. ఒకప్పుడు వేల హెక్టార్లున్న పళ్ళికరణైలో 2022లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కింది సుమారు 1,247 హెక్టార్లు. మిగతా నేలలో ఐటీ ఆఫీసులు, అపార్టుమెంట్లు, పెరుంగుడి చెత్త డంపు. వాటిలో ఒక్కటీ తీయమని ఎవరూ అనరేం?

నెల్లూరు సివిల్:
టీచర్ గారూ, రన్‌వే తీయలేం కదండీ. సాధ్యమయ్యేది చెప్పండి.

సైదాపేట టీచర్:
తీయమనట్లేదు సార్, పేదవాడికి పెట్టిన కొలతే అందరికీ పెట్టమంటున్నా. సాధ్యమైనవే చెప్తాను. ఒక్కియం మడుగు వెడల్పు తగ్గనివ్వకూడదు, పళ్ళికరణై నీళ్ళు బకింగ్‌హాం కాలువలోకి పోయే దారి అదే. కాలువ నీళ్ళు ముట్టుకాడు దగ్గర సముద్రంలో కలిసే ముఖద్వారంలో ఇసుక మేట వేస్తుంది. వానలకు ముందే తవ్వాలి. పోటు సమయంలో సముద్రం నీళ్ళు తీసుకోదు, పైగా వెనక్కి తోస్తుంది. అప్పుడు ఆ నీళ్ళు ఆగడానికి చిత్తడి నేల ఉండాలి, అది లేకే మీ వేలచ్చేరి ఆగే చోటైంది.

చెరువు తూము ఎత్తేముందు గట్టు వీధుల్లో మైకులో చెప్పాలి, అర్ధరాత్రి కాదు, పగలే. 2015 ముంపును మనుషులు చేసిన విపత్తని 2018లో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదికే అంది.

కాసిమేడు బెస్త:
మాటలో మాట. 2015లో మా వాళ్ళు పడవలు లారీలకెక్కించి ఊళ్ళోకి తెచ్చారు. ఏ సందు లోతో చెప్పేవాళ్ళు లేక చాలాసేపు తిరిగారు. వార్డువారీగా ఆ వివరాలు ముందే రాసిపెట్టి, డీజిల్ ఖర్చు ఎవరిస్తారో తేలిస్తే మేము సిద్ధమే.

వేలచ్చేరి వాసి:
సెమ్మంజేరి సంగతి నాకు తెలియదండీ. అయినా నదిని ఆనుకుని మొదటి వరసలో ఉన్నవాళ్ళనైనా మార్చక తప్పదంటాను.

సైదాపేట టీచర్:
ఆ ఒక్క వరసకైతే ఒప్పుకుంటాను, సైదాపేట నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఇళ్ళిస్తే. ప్రభుత్వ స్థలాలు ఇక్కడ లేవా? మీ వార్డు సభలో ఈ మాట అడుగుతారా? నేను మా వార్డులో అడుగుతాను.