వేర్వేరు ఖాతాలు, వేర్వేరు బ్రౌజర్లు: నిజంగా పనికొస్తాయా, ఉత్త తృప్తేనా?

రాత్రిపాళీ:
బ్యాంకుకు ఒక మెయిల్, కొనుగోళ్లకు ఒకటి, ఉద్యోగానికి ఇంకొకటి. నలుగురిలో నోరు విప్పడానికి ఒక మారుపేరు, దానికి మళ్లీ వేరే బ్రౌజరు. గోప్యత కావాలంటే ఇదే దారని ఈమధ్య ఎవరిని కదిపినా చెబుతున్నారు. నాకైతే చాకిరీ తప్ప ఫలితం కనిపించడం లేదు. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ దాదాపు ఆరున్నర లక్షల మంది ఏమేం వెతికారో ఆ చిట్టా బయటపెట్టింది, పేర్లు తీసేసి అంకెలు వేసి. 4417749 అనే అంకె వెనకున్న పెద్దావిడ ఎవరో న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజుల్లోనే పట్టేశారు, ఆవిడతో మాట్లాడారు కూడా. 2010లో డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్ఎఫ్ పెట్టిన పరీక్షకు వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం కుకీలతో (సైట్లు మన బ్రౌజరులో దాచే గుర్తులు) పని లేకుండానే విడివిడిగా గుర్తు పట్టేలా ఉన్నాయి. ఫాంట్లు, తెర కొలత, టైమ్‌జోన్ లాంటి వివరాలే సరిపోయాయి. పేరు చెరిపేసినా దొరికేవాళ్లం, పేరు మార్చుకుంటే దొరకమా?

పాతకీబోర్డు:
రాత్రిపాళీ గారూ, ఏఓఎల్ ఉదంతం మీ వాదనకే ఎదురు తిరుగుతుంది, చూడండి. ఆవిడ దొరికింది పేరు వల్ల కాదు, అన్ని వెతుకులాటలూ ఒకే అంకె కింద దండలా గుచ్చి ఉండటం వల్ల. తన ఊళ్లో తోటపని చేసేవాళ్ల కోసం వెతికింది, తన ఇంటిపేరున్న మనుషుల కోసం వెతికింది, వేళ్లు తిమ్మిరెక్కడం గురించి వెతికింది. ఏ ఒక్కటి విడిగా దొరికినా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. విడగొట్టడమంటే ఆ దారం తెంపడమే.

ఇంకో సంగతి. మీరు బ్రౌజరు వదిలే వేలిముద్రల్లాంటి ఆనవాళ్ల గురించి మాట్లాడుతున్నారు కానీ, మామూలు మనిషికి దెబ్బ తగిలేది అక్కడ కాదు, డేటా లీకుల్లో. 2015లో యాష్లీ మాడిసన్ (పెళ్లయినవాళ్ల చాటు సంబంధాల సైటు) ఖాతాలు బయటపడ్డప్పుడు జనం ఏం చేశారు? తెలిసినవాళ్ల మెయిల్ ఐడీలు కొట్టి చూసుకున్నారు. అంతే, అంతకంటే విద్య ఏమీ అక్కర్లేకపోయింది. (ఆ సైటు మెయిల్‌ను సరిచూసేది కూడా కాదు, కాబట్టి ఎవరి ఐడీ ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు. ఇరుక్కున్నవాళ్లు ఆ మాట చెప్పినా వినేదెవరు?) సైటుకో మారు మెయిల్ (వచ్చినవన్నీ మన అసలు పెట్టెకే చేర్చే వేరే ఐడీ) ఉంటే ఒకచోట కారింది ఇంకోచోటికి అతకదు.

నీలిసిరా:
మెయిల్ దగ్గరే ఆగిపోయారేంటండీ? అసలు జిగురు ఫోన్ నంబరు. మెయిల్ ఐడీలు పది తెరుస్తాం, పదింటికీ రికవరీ నంబరు ఒకటే ఇస్తాం. పైగా భద్రత కోసమని ఇచ్చిన నంబరు భద్రతకే వాడతారన్న నమ్మకం ఏముంది? రెండంచెల లాగిన్ కోసం తీసుకున్న నంబర్లను ప్రకటనలకు వాడుకోవడం అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ ఫేస్‌బుక్ మీద మోపిన ఆరోపణల్లో ఒకటి. ఆ వ్యవహారం 2019లో 500 కోట్ల డాలర్ల జరిమానాతో ముగిసింది. అదే తీరు పనికి ట్విట్టర్ 2022లో 15 కోట్ల డాలర్లు కట్టింది.

కాంటాక్టుల సంగతి ఇంకా ఘోరం. మారుపేరుతో కొత్త ఖాతా తెరుస్తారు, ఫొటో ఉండదు, స్నేహితులు ఉండరు. కాంటాక్టులు చూడనివ్వమని యాప్ అడుగుతుంది, మీరు వద్దంటారు. కానీ మీ నంబరు మీ మేనేజరు ఫోన్లో ఉంది, ఆయన ఎప్పుడో సరేనన్నాడు. ‘మీకు తెలిసినవారు కావచ్చు’ అంటూ ఆయన మొహం మీ తెర మీద, మీ మారుపేరు ఆయన తెర మీద.

రాత్రిపాళీ:
నీలిసిరా గారూ, మీరు నా పక్షమా, పాతకీబోర్డు గారి పక్షమా? మనం ఎంత విడగొట్టినా పక్కవాడు కలిపేస్తాడనే కదా నేనూ అంటున్నది.

నీలిసిరా:
పక్షం కాదండీ. నంబరు విడగొట్టకుండా మిగతావన్నీ విడగొట్టేవాళ్లది వృథా శ్రమ అంటున్నాను. నంబరు అడగని చోట ఇవ్వొద్దు. లాగిన్ కోడ్ ఎస్సెమ్మెస్‌లో కాకుండా, ఫోన్లోనే కోడ్ పుట్టించే అథెంటికేటర్ యాప్‌లో తీసుకోవచ్చు. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో కూడా 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకుని ఎదుటివాళ్లకు నంబరు కనపడకుండా ఉంచొచ్చు. ఖాతా తెరవడానికి మాత్రం ఇప్పటికీ నంబరు కావాల్సిందే.

సందేహి:
నా బాధ వేరు. మా బావగారు గోప్యత పేరుతో ఖాతాకో మారు మెయిల్ పెట్టుకున్నారు, అన్నీ మెయిళ్లు దారి మళ్లించే ఒకే చందా సేవ మీద. కార్డు గడువు తీరి చందా ఆగింది, పాస్‌వర్డ్ మార్చే లింకులు రావడం మానేశాయి. పన్నుల ఖాతా తెరిపించుకోవడానికి ఆయన తిరగని గడప లేదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంది ఈ వ్యవహారం. గుర్తింపు పత్రాలతో ముడిపడ్డ ఖాతాలకు ముసుగెందుకు అసలు? వాళ్లకు మనమెవరో తెలిసే తీరాలి కదా.

పాతకీబోర్డు:
సందేహి గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. బ్యాంకు, పన్నులు, ఆసుపత్రి ఒక గదిలో అసలు పేరుతోనే ఉండాలి. దానికో మెయిల్, అది ఇంకెక్కడా ఇవ్వకూడదు. కొనుగోళ్లు, చందాలు, న్యూస్‌లెటర్లు చెత్తగది, మారు మెయిళ్లు అక్కడికి చాలు. అసలు పేరుతో చెప్పలేనివి మూడో గది, కష్టపడాల్సింది అక్కడ ఒక్కచోటే.

ఆ మూడోదాని విషయంలో సాధనాల కంటే అలవాటే ముంచుతుంది. సిల్క్ రోడ్ అనే మత్తుమందుల చాటు ఆన్‌లైన్ బజారు నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్ ఆచూకీ దాచే టార్ నెట్‌వర్క్ వెనక దాక్కున్నాడు. కానీ 2011 మొదట్లో ఆ సైటు గురించి ప్రచారం చేసిన ‘ఆల్టాయిడ్’ అనే పేరుతోనే అదే ఏడాది చివర్లో ఉద్యోగ ప్రకటన వేసి, తన పూర్తి పేరున్న జీమెయిల్‌కు రాయమన్నాడు. పన్నుల శాఖ దర్యాప్తు అధికారి ఒకాయన గూగుల్‌లో పాత పోస్టులు తవ్వి ఆ సంగతి పట్టుకున్నాడు. 2013 అక్టోబరులో అరెస్టు.

రాత్రిపాళీ:
ఆదర్శానికి మంచి మనిషినే తెచ్చారు! సరే, లీకుల విషయం ఒప్పుకుంటాను. బ్రౌజర్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఇంట్లో రౌటరు ఒకటే, ఐపీ (నెట్‌లో మన కనెక్షన్ చిరునామా) ఒకటే. రెండు బ్రౌజర్లు పెట్టుకుని ఇద్దరు మనుషులమైపోయాం అనుకోవడం భ్రమ.

నీలిసిరా:
అందులో సగం నిజం ఉంది. ప్రకటనల కంపెనీలు ఐపీని కూడా ఆధారంగా తీసుకుంటాయి. ఇంకా చెప్పాలంటే, గోప్యత కోసమని బ్రౌజరుకు తగిలించే ఎక్స్‌టెన్షన్లు ఎక్కువైనకొద్దీ అది గుంపులో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. టార్ బ్రౌజరు చేసేది సరిగ్గా దీనికి ఎదురు, వాడేవాళ్లందరినీ ఒకేలా కనిపించేట్టు చేస్తుంది. విండో సైజు పెంచితే చుట్టూ బూడిదరంగు అంచులు వస్తాయి చూశారా, అవి అందుకే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోని కంటైనర్లు (విడివిడి అరలు) కుకీలను, లాగిన్లను విడగొడతాయి, ఐపీని కాదు. వాటి పని అంతవరకే, ఆ పని మాత్రం బాగా చేస్తాయి.

సందేహి:
ఫోన్లో ఆ కంటైనర్లు లేవు కదండీ. కంప్యూటరు ముందు కూర్చునే తీరిక ఎవరికుంది?

పాతకీబోర్డు:
ఆండ్రాయిడ్ అయితే వర్క్ ప్రొఫైల్ (ఫోన్లోనే యాప్‌లకు ఇంకో విడి అర) తెరవండి, ఆఫీసు అక్కర్లేదు, షెల్టర్ లాంటి యాప్‌తో సొంతంగా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ 15 నుంచి ప్రైవేట్ స్పేస్ అనే అలాంటి అర కూడా ఇచ్చారు, అన్ని ఫోన్లలో కనపడకపోవచ్చు. కాంటాక్టులు అడిగే యాప్‌ను అందులో వేస్తే, సరేనన్నా దానికి అక్కడి ఖాళీ పుస్తకమే దొరుకుతుంది. మేనేజరు గారి ఫోన్‌కు మాత్రం నా దగ్గర మందు లేదు.