హరికథ రికార్డింగులు ఎంపీత్రీలోకి మారడం లేదు

చిత్తూరు సభ్యుడు: అందరికీ నమస్కారం. మా ఊరి ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజులు జరిగిన మహాభారతం హరికథను ఫోనులో రికార్డు చేశాను. గుడి మైకుసెట్టు పెన్‌డ్రైవులో ఎంపీత్రీ ఉంటేనే పాడుతుంది కాబట్టి ఫైళ్లను ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాము వేసుకుని సాయంత్రం ఐదింటికి కూర్చున్నాను. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది. ఎన్నిసార్లు ఆదేశం ఇచ్చినా అలాంటి ఫైలు లేదనే అంటోంది. ఫైలేమో కళ్లెదుటే ఉంది. దయచేసి దారి చూపండి.

పలమనేరు సభ్యుడు: విండోసా, లినక్సా? మీరు కొట్టిన వరుసను ఉన్నదున్నట్టు పెట్టండి.

తిరుపతి సభ్యుడు: ఆ ఫోను ఫైళ్లు చాలావరకు ఏఏసీ పద్ధతిలో ముందే కుదించినవై ఉంటాయి, వాటిని ఎంపీత్రీగా మళ్లీ కుదిస్తే ఇంకొంత ధ్వని పోతుంది, బిట్‌రేటు, అంటే సెకనుకు వాడే సమాచారం, 320 కిలోబిట్లు పెట్టినా పోయినది తిరిగి రాదు. హరికథలో ముందుగా దెబ్బతినేవి చిడతలు. బిట్‌రేటు తగ్గిస్తే చిడత పలకడానికి ముందే సన్నని బుస వినిపిస్తుంది. అసలు ఫైళ్లను ఎట్టి పరిస్థితిలోనూ చెరిపేయకండి.

చిత్తూరు సభ్యుడు: విండోసేనండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్, హైఫన్ ఐ, ఆ తర్వాత 'భారతం రోజు 18 డాట్ ఎం4ఏ', చివర అదే పేరుతో డాట్ ఎంపీత్రీ. అంతకు ముందు ఫైలు పేరు చివర మాత్రమే ఎంపీత్రీ అని మార్చి చూశాను, మైకుసెట్టు పాడలేదు.

పలమనేరు సభ్యుడు: పేరులో ఖాళీలున్నాయి. రెండు పేర్లకూ జంట కొటేషన్ గుర్తులు పెట్టండి.

కుప్పం సభ్యురాలు: ఖాళీ రాగానే పేరు అయిపోయిందనుకుని అది 'భారతం' అనే ఫైలు కోసం వెతుకుతోందండి, అందుకే లేదంటోంది. ఎంపీత్రీ పేరుకు ముందు హైఫన్ బీ కోలన్ ఏ, ఖాళీ, 192కే అని చేర్చండి. కథకు ఆ బిట్‌రేటు చాలు. ఎం4ఏ ఫార్మాట్‌ను పేరు మార్చి ఎంపీత్రీ చేయలేము.

తిరుపతి సభ్యుడు: ఎం4ఏను ఫార్మాట్ అనడం సరికాదు. అది కంటెయినర్, అంటే డబ్బా. లోపలి సరుకు ఏఏసీ. ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లనే ఆయన డబ్బా మీది చీటీ మార్చి ఊరుకున్నారు.

కుప్పం సభ్యురాలు: కంటెయినర్‌ను కూడా ఫార్మాట్ అనే అంటారండి. ఆరు గంటలుగా కూర్చున్న మనిషికి ముందు పని జరగాలి.

తిరుపతి సభ్యుడు: పదం సరిగా తెలిస్తే రేపు ఇంకో ఫైలు దగ్గర మళ్లీ ఆగిపోరు.

చిత్తూరు సభ్యుడు: కొటేషన్లు పెట్టగానే మారిందండి, దుర్యోధన వధ నాటి కథ స్పష్టంగా వినిపిస్తోంది. అందరికీ ధన్యవాదాలు. మిగతా 17 ఫైళ్లకు ఒకే ఆదేశం సరిపోతుందా?